పులిజూదం: రాయలసీమ బండల మీది యుద్ధక్రీడ

పులిజూదం ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, నేల మీదో బండ మీదో గీసిన గీతల వెంట కాయలు కదిపి ఆడే ఆట. ఒకరివి 3 పులులు, ఇంకొకరివి 15 మేకలు. మేకల మీదుగా దూకి వాటిని చంపడం పులుల పని. పులులకు ఎటూ కదలడానికి దారి లేకుండా చుట్టూ కట్టడి చేయడం మేకల పని. పులి-మేక, పులి-మేకలాట అనే పేర్లు కూడా దీనికే ఉన్నాయి. తమిళంలో ఇది ఆడు-పులి ఆట్టం, కన్నడంలో ఆడు-హులి ఆట. జూదం అన్న మాట పేరులో ఉన్నా ఇందులో పాచికలు లేవు, గవ్వలు లేవు. గెలుపు ఓటములు అదృష్టం చేతిలో ఉండవు. కాయలన్నీ ఇద్దరి కళ్ళ ముందే ఉంటాయి కాబట్టి ఓడినవారు చెప్పుకోవడానికి సాకు దొరకదు.

ప్రపంచంలోని యుద్ధక్రీడల్లో చాలావాటిలో ఇరుపక్షాల బలం సమానంగా మొదలవుతుంది. పులిజూదంలో సంఖ్య, నడక, లక్ష్యం మూడూ వేర్వేరు. బలవంతుడు కొద్దిమందితో వస్తాడు, బలహీనులు గుంపుగా నిలబడతారు. ఆ గుంపు ఒకరికొకరు ఆసరాగా నిలిస్తేనే గెలుస్తుంది. ఇంత క్లిష్టమైన యుద్ధసూత్రాన్ని 18 గులకరాళ్ళతో నేర్పే ఆట కాబట్టే దీనికి పిల్లల కాలక్షేపం కన్నా పెద్ద స్థానం దక్కాలి.

కుందుర్పి సీమ

ఈ ఆట వెనుకనున్న నేలను చూడాలంటే కుందుర్పి మంచి ఉదాహరణ. అది అనంతపురం జిల్లాలో, కర్ణాటక సరిహద్దు పక్కన ఉన్న మండల కేంద్రం. ఊరికి కొండ, కొండ మీద కోట ఉన్నాయి. రాయదుర్గాన్ని ఏలిన పాలెగాళ్ళ కుటుంబ చరిత్రలో పెనుకొండ, రాయదుర్గాలతో పాటు కుందుర్పి పేరు కూడా వస్తుంది. జిల్లాలో ఏడాదికి కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలా మటుకు కురిసిపోతాయి. ఈశాన్య వానలు తీరం దాటి ఇంత దూరం వచ్చేసరికి పలచబడతాయి. ఎర్రనేలల్లో ఒక్క వేరుశనగ పంటను నమ్ముకున్న రైతుకు గొర్రెలు, మేకలే రెండో ఆధారం. పంట పోయిన ఏడు కూడా మంద ఉంటే ఇల్లు నిలబడుతుంది.

ఆటలోని రెండు పాత్రలూ ఈ నేలకు కొత్తవి కావు. బండరాళ్ళ గుట్టల్లో చిరుతలుంటాయి, గుట్టల కింద మందలు మేస్తాయి. మందలో ఒకటి తగ్గితే ఆ లెక్క కాపరికి రాత్రి దొడ్డి దగ్గర తెలుస్తుంది. మేకను పోగొట్టుకోవడం ఎంత నష్టమో తెలిసిన మనిషి ఈ ఆటలో మేకల పక్షాన కూర్చుంటే ఒక్కో కాయనూ ఆచితూచి పెడతాడు. ఆడడానికి పరికరాలు కూడా ఇక్కడి నేలే ఇస్తుంది. నున్నటి నల్లబండ, గీయడానికి సుద్దముక్క లేదా బొగ్గు, కాయలకు గులకరాళ్ళు, చింతగింజలు, వేరుశనగ కాయలు ఉంటే చాలు.

గీత, కాయలు

బాగా వాడుకలో ఉన్న గీతలో 23 స్థానాలుంటాయి. పైన ఒక శిఖరం. అక్కడినుంచి విసనకర్ర పుల్లల్లా 4 నిలువు గీతలు కిందికి దిగుతాయి. వాటి అడుగు కొసలను ఒక అడ్డగీత కలుపుతుంది. శిఖరానికీ అడుగుకీ మధ్య ఇంకో 3 అడ్డగీతలు త్రికోణాన్ని కోసుకుంటూ రెండు పక్కలా బయటికి సాగుతాయి. అలా సాగిన కొసలను ఎడమవైపు ఒక గీత, కుడివైపు ఒక గీత కలుపుతాయి. చూడడానికి త్రికోణం మీద దీర్ఘచతురస్రం పరిచినట్టుంటుంది. శిఖరం 1, మధ్య అడ్డగీతల మీద ఆరేసి చొప్పున 18, అడుగున 4, మొత్తం 23. కాయలు గళ్ళలో కాక గీతలు కలిసే చోట కూర్చుంటాయి. కదలిక కూడా గీత వెంటే.

పులులకు పెద్ద రాళ్ళు, మేకలకు చిన్న రాళ్ళు వాడడం ఎక్కువ. రాళ్ళ బదులు మేకలకు చింతగింజలు, పులులకు గాజుముక్కలు పెట్టినా చెల్లుతుంది. దూరం నుంచి చూసేవారికి కూడా ఏది పులో ఏది మేకో తెలిస్తే చాలు.

ఆట నడిచే తీరు

మొదట పులులు కూర్చుంటాయి. ఒకటి శిఖరం మీద, మిగిలిన రెండూ దాని కిందనున్న మొదటి అడ్డగీత నడిమి స్థానాల్లో. మేకలన్నీ బయటే ఉంటాయి. మేకల ఆటగాడు వంతుకు ఒక్క మేకను ఖాళీ స్థానంలో పెడతాడు. తర్వాత పులి ఒక అడుగు కదులుతుంది, లేదా దూకుతుంది. 15 మేకలూ దిగేదాకా ఉన్న మేక కదలడానికి వీల్లేదు. అన్నీ దిగాక మేకలూ గీత వెంట ఒక్కో అడుగు వేస్తాయి.

పులి తన పక్కనున్న మేకను దాటి, అదే సరళ గీతలో అవతలి స్థానం ఖాళీగా ఉంటే అక్కడికి దూకుతుంది. దాటిన మేక చచ్చినట్టు, దాన్ని గీత మీదినుంచి తీసేస్తారు. రెండు మేకలు వరసగా ఉంటే పులి దూకలేదు. మేకకు దూకే హక్కు ఎప్పుడూ లేదు. 3 పులులకూ అడుగు వేయడానికీ దూకడానికీ చోటు లేకపోతే మేకలు గెలిచినట్టు. ఇక కట్టడి చేయలేనన్ని మేకలు పోతే పులులు గెలిచినట్టు.

ఈ మూల నియమాల మీద ఊరికొక కట్టుబాటు ఉంటుంది. ఎన్ని మేకలు పోతే ఆట ముగిసినట్టు, ఒకే వంతులో పులి వరసగా రెండు మూడు మేకలు దూకవచ్చా, పులులు ముందే కూర్చుంటాయా లేక అవి కూడా వంతు ప్రకారం దిగుతాయా అన్నవి ఆడేవారు మొదలుపెట్టక ముందే తేల్చుకుంటారు. అలా తేల్చుకోకపోతే తగాదా తప్పదు.

స్థానబలం

పులిజూదంలో గీతే యుద్ధభూమి. ప్రతి స్థానానికీ వేరే విలువ ఉంటుంది. ఆ విలువను చూపు మీద అంచనా కట్టగలగడమే అనుభవం.

మేకను దూకాలంటే దానికి ఇటూ అటూ ఒకే గీతలో స్థానాలుండాలి. గీత కొసలో ఉన్న మేకకు అవతలి వైపు స్థానమే ఉండదు. ఈ లెక్కన శిఖరం, అడుగు గీత రెండు కొసలు, దీర్ఘచతురస్రం 4 మూలలు కలిపి 7 స్థానాల్లో మేకకు చావు లేదు. అందుకే ఆట తెలిసినవారు మొదటి మేకలను మూలల్లోనే దింపుతారు. ఆ చోట్లు నిండిన తర్వాత పెట్టే ప్రతి మేకకూ తోడు కావాలి. మేక వెనుక స్థానంలో మరో మేక ఉంటే ముందున్నదానికి ప్రాణభయం ఉండదు. వెనుకదాన్ని పక్కకు జరిపితే ముందుదానికి ముప్పే.

ఇక్కడే ఆటలోని అసలు చిక్కుముడి ఉంది. మేక తలదాచుకునే మూలే పులిని పట్టడానికి సరైన బోను కూడా. మూలలో చిక్కిన పులికి రెండే దారులు. ఆ రెండు దారుల్లో రెండేసి మేకలు నిలబడితే 4 మేకలతో పులి పని అయిపోతుంది. అదే పులి గీత నడిమధ్య నిలబడితే నాలుగు దిక్కులా దారులుంటాయి, దాన్ని ఆపడానికి 8 స్థానాలు నిండాలి. శిఖరం మీది పులికీ 8 కావాలి. ఒకే పక్కనున్న పై మూలలో ఒకటి, కింది మూలలో ఒకటి పులులు చిక్కితే వాటి మధ్యనున్న ఒక్క మేక రెండింటికీ అడ్డంగా నిలుస్తుంది. ఒక పులి ఆ మేకను దూకాలంటే అవతల రెండో పులే అడ్డు. అప్పుడు మొత్తం 5 మేకలతో రెండు పులులు కట్టుబడతాయి. కాబట్టి మేకల ఆటగాడు మూలలను పూర్తిగా ఆక్రమించుకుని కూర్చుంటే ప్రాణాలు దక్కుతాయి గానీ ఆట గెలవదు. సమయం చూసి మూల వదలాలి, పులిని అటు రానివ్వాలి, వచ్చాక దారి మూసేయాలి.

పులుల ఆటగాడి కష్టం వేరు. ఒక మేకను చంపాలన్న ఆశతో పులి మూలకు వెళితే తిరిగి వచ్చే దారి మూసుకుపోవచ్చు. 15 మేకలూ బతికి దిగితే 23 స్థానాల్లో ఖాళీగా మిగిలేవి 5 మాత్రమే. కదలడానికి చోటే లేని ఆ దశలో పులికి బలం ఉన్నా పనికిరాదు. అందుకే పులులు మేకలు దిగుతుండగానే, తొలి వంతుల్లోనే, దెబ్బ తీయాలి. మేకలకు ఓపిక ఆయుధం, పులులకు తొందర అవసరం.

ఆడే చోటు, ఆడే మనుషులు

పులిజూదం ఇద్దరి ఆటే అయినా ఎన్నడూ ఇద్దరితో ఆగదు. రచ్చబండ మీద, గుడి అరుగు మీద, చింతచెట్టు నీడలో గీత గీస్తే చుట్టూ నలుగురు చేరతారు. చూసేవారు కూడా రెండు పక్షాలుగా చీలతారు. ఒకరు మేకను వెనక్కి తీయమంటారు, ఇంకొకరు పులిని ఇటు రమ్మంటారు. కాయ మీద చెయ్యి వేసిన మనిషి ఎవరి మాట వినాలో తనే తేల్చుకోవాలి. ఓడినవారు లేస్తే పక్కనున్నవారు కూర్చుంటారు. పక్షాలు మార్చుకుని రెండాటలు ఆడితేనే నిజమైన బలాబలాలు తేలతాయి, ఎందుకంటే పులి చేతికి, మేక చేతికి కావలసిన నేర్పు ఒకటి కాదు.

వేరుశనగ వానాకాలపు పంట. కాయ ఇంటికి చేరాక మెట్టపొలంలో పని తగ్గుతుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఇలాంటి ఆటలకు అనువైన కాలం. కాపరులు మంద నీడకు చేరిన వేళ బండ మీదే గీసుకుని ఆడతారు. డబ్బు అక్కరలేదు, చదువు అక్కరలేదు, వయసు అడ్డు కాదు. ముసలివారు మనవలతో సమంగా కూర్చుని, గెలవనివ్వకుండా ఆడే ఆటల్లో ఇది ఒకటి.

రాతి మీది ఆధారాలు

దక్కను, దక్షిణ దేశాల్లో పాత గుళ్ళ అరుగుల మీద, మండపాల నేల మీద, కోటల బండల మీద ఆటగీతలు చెక్కి కనిపిస్తాయి. హంపి శిథిలాల్లో ఇలాంటివి అనేకం. వీటి వయసు చెప్పడంలో జాగ్రత్త అవసరం. గుడి 16వ శతాబ్దిది అయినంత మాత్రాన నేల మీది గీత కూడా అప్పటిదే కానక్కరలేదు. కట్టేటప్పుడు రాతిపనివారు చెక్కి ఉండవచ్చు, తర్వాత ఎప్పుడో భక్తులో కాపరులో కావలివారో చెక్కి ఉండవచ్చు. గీత మీదుగా గోడ గానీ స్తంభం గానీ వచ్చి ఉంటేనే అది కట్టడం కన్నా ముందుదని గట్టిగా చెప్పగలం.

రాతపూర్వకమైన ఆధారాల్లో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో సంస్కృతంలో కూర్చిన మానసోల్లాసం ముఖ్యమైనది. రాజు వినోదాలకు, క్రీడలకు అందులో విస్తారమైన చోటు ఉంది. 19వ శతాబ్దిలో మైసూరు రాజు ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు బల్ల ఆటల మీద అపారమైన ఆసక్తితో కొత్త ఆటలు కల్పించి వాటి పటాలు గీయించాడు. 20వ శతాబ్దిలో సురవరం ప్రతాపరెడ్డి తన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధాలతో ఆగకుండా సామాన్యుల ఆటపాటలను కూడా చరిత్రగా లెక్కించారు. పులిజూదం వంటి ఆటకు విలువ కట్టాలంటే అటువంటి చూపే కావాలి.

ఈ సీమలో పోరాటపు జ్ఞాపకం రాతి మీదే మరో రూపంలోనూ నిలిచింది. రాయలసీమ, కర్ణాటక పల్లెల్లో వీరగల్లులున్నాయి. పశువులను తోలుకుపోయే దండుకు ఎదురు నిలిచి చనిపోయినవారికి నిలిపినవి కొన్ని, పులితో పెనుగులాడి చనిపోయినవారికి నిలిపినవి కొన్ని. మందను కాపాడడం ఇక్కడ ఒకప్పుడు ప్రాణాల మీది పని. ఆటలోని కథ ఆ జీవితం నుంచి దూరమైనది కాదు.

కోటల యుద్ధం

పులిజూదంలో మేకల గెలుపు అంటే చంపడం కాదు, దారులు మూయడం. ఈ ప్రాంతపు కొండకోటల యుద్ధాలు కూడా ఎక్కువగా అలాగే సాగాయి. 1775లో హైదర్ అలీ గుత్తి కోటను ముట్టడించినప్పుడు కోట గోడలు కూలలేదు. నెలల తరబడి సాగిన ముట్టడిలో కొండ మీద నీళ్ళు అయిపోయాయి, 1776లో కోటను ఏలుతున్న మురారిరావు లొంగిపోయాడు. చిత్రదుర్గం కూడా పదేపదే ముట్టడులకు నిలిచి 1779లో హైదర్ వశమైంది. బలమైన కోటలో ఉన్న వీరుడు కూడా బయటికి దారి లేకపోతే ఓడిపోతాడు.

రాయదుర్గం, చిత్రదుర్గం పాలెగాళ్ళ మధ్య పాత వైరం ఉండేది. వారి వంటి చిన్న ప్రభువులు బీజాపూరు, మరాఠా, మైసూరు, నిజాం వంటి పెద్ద శక్తుల మధ్య బతికారు. ఒకరి వెనుక ఒకరు నిలబడినంత కాలం నెగ్గారు, విడిపోయినప్పుడు ఒక్కొక్కరుగా పోయారు. 1800లో నిజాం ఈ జిల్లాలను ఆంగ్లేయులకు దత్తం చేశాక ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగాళ్ళ సాయుధ బలాన్ని అణచివేశాడు. తోడు లేని మేకకు రక్షణ లేదన్న ఆట నియమం ఈ చరిత్రకు సరిగ్గా వర్తిస్తుంది.

తోటి ఆటలు

తెలుగునాట పులిజూదానికి దగ్గరి తోడు దాడి ఆట. ఒకదానిలో ఒకటిగా గీసిన చదరాల మీద ఇద్దరూ సమాన సంఖ్యలో కాయలు దింపి, మూడు కాయలను ఒకే వరసలో చేర్చినప్పుడల్లా ఎదుటివారి కాయ ఒకటి తీసేస్తారు. అష్టాచెమ్మా, పచ్చీసు గవ్వల మీదో పాచికల మీదో నడిచే పరుగు ఆటలు. వామనగుంటలు గింజల లెక్క మీద నడిచే ఆట. వీటన్నిటిలో అసమాన బలాల పోరు ఒక్క పులిజూదంలోనే ఉంది.

నేపాలులో ఇదే కుదురుకు చెందిన బాగ్ చాల్ జాతీయ క్రీడంత ఆదరణ పొందింది. అక్కడ 25 స్థానాల చదరపు గీత, 4 పులులు, 20 మేకలు. కంప్యూటర్ శాస్త్రవేత్తలు లిమ్ యూ జిన్, యుర్గ్ నీవర్గెల్ట్ ఆ ఆటను పూర్తిగా విశ్లేషించి, ఇరుపక్షాలూ తప్పు లేకుండా ఆడితే అది సమంగా ముగుస్తుందని 2009లో అచ్చయిన వ్యాసంలో చూపించారు. పల్లె జనం ఆడి ఆడి కుదిర్చిన పులుల, మేకల సంఖ్య ఎంత సరిగ్గా తూగిందో ఆ ఫలితం చెబుతుంది. ఐరోపాలో మధ్యయుగాల నుంచి ఆడుతున్న నక్క-బాతుల ఆటది కూడా ఈ కుదురే.

చతురంగం నుంచి బొమ్మల సైన్యాల దాకా

భారతదేశంలో పుట్టిన చతురంగం పదాతి, అశ్వ, గజ, రథ దళాలను బల్ల మీదికి తెచ్చింది. 7వ శతాబ్దిలో బాణుడు రాసిన హర్షచరితంలో దాని ప్రస్తావన ఉంది. పర్షియా మీదుగా పడమటికి వెళ్ళి అది నేటి చెస్ అయింది. 1780లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌కు చెందిన హెల్విగ్ చదరంగాన్నే పెంచి, గళ్ళకు నేల స్వభావం కల్పించి కొత్త యుద్ధక్రీడ ప్రచురించాడు. 1812లో రైస్విట్జ్ ప్రష్యా రాజుకు బల్ల మీద నమూనా యుద్ధభూమిని సమర్పించాడు. 1824లో ఆయన కొడుకు అసలు పటం మీద, పాచికలతో, మధ్యవర్తి సమక్షంలో ఆడే నియమాలు వెలువరించాడు. ప్రష్యా సైన్యం దాన్ని అధికారుల శిక్షణకు వాడుకుంది.

సైన్యం చేతిలోని ఈ క్రీడను స్నేహితుల కాలక్షేపంగా మార్చిన వారిలో ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ ముఖ్యుడు. 1913లో వచ్చిన ఆయన లిటిల్ వార్స్ పుస్తకం తగరపు సైనికులతో, స్ప్రింగు ఫిరంగులతో నేల మీద ఆడే నియమాలు చెప్పింది. 1962లో డోనాల్డ్ ఫెదర్‌స్టోన్ రాసిన వార్ గేమ్స్ తర్వాత రంగులద్దిన చిన్న బొమ్మల సైన్యాలతో పాత యుద్ధాలను మళ్ళీ ఆడే అభిరుచి ఇంగ్లండులో, ఇతర దేశాల్లో విస్తరించింది. ఆడేవారు ఏ దళం ఎంత దూరం నడుస్తుందో కొలతబద్దతో కొలుస్తారు, దెబ్బ తగిలిందో లేదో పాచికతో తేలుస్తారు, నియమాల మీద గంటల తరబడి చర్చిస్తారు.

ఆ క్రీడల పక్కన పులిజూదాన్ని పెట్టి చూస్తే పోలికలు, తేడాలు రెండూ స్పష్టమవుతాయి. బొమ్మల యుద్ధంలో నేల, వాతావరణం, సైనికుల ధైర్యం అన్నీ లెక్కలోకి వస్తాయి కానీ ఖర్చు, స్థలం, సమయం ఎక్కువ కావాలి. పులిజూదం ఆ వివరాలన్నీ వదిలేసి యుద్ధపు ఎముకలగూడును మాత్రం ఉంచుకుంది: స్థానం, తోడు, దారి, సమయం. రెండు పక్షాల లక్ష్యాలు వేరువేరుగా పెట్టి ఆట కుదర్చడాన్ని నేటి యుద్ధక్రీడా రూపకర్తలు కష్టమైన పనిగా భావిస్తారు. పల్లె ఆట ఆ పనిని ఎప్పుడో సాధించింది. స్నేహితులు చుట్టూ చేరి పాత పోరాటాన్ని తమ చేతులతో మళ్ళీ నడపడమన్న ఆనందం రెండు చోట్లా ఒకటే.

నేటి స్థితి

ఇప్పుడు పులిజూదం ఫోన్లలోనూ దొరుకుతుంది. చెన్నైలోని ‘క్రీడా’ అనే సంస్థ, మైసూరులోని రామ్సన్స్ కళా ప్రతిష్ఠానం సంప్రదాయ బల్ల ఆటలను మళ్ళీ తయారు చేయించి ఇళ్ళకు చేరుస్తున్నాయి. గుడ్డ మీద కుట్టిన గీతలు, చెక్క పులులు, చెక్క మేకలు నగరాల్లో కానుకలుగా ఇచ్చుకుంటున్నారు. ఆట బతకడానికి ఇవి మంచి దారులు.

అయితే పల్లె ఆటలో ఉన్న వైవిధ్యం వీటిలోకి రాదు. తయారైన పెట్టెలో ఒక్క నియమావళే ఉంటుంది. ఊరూరి కట్టుబాట్లు పెద్దల నోట్లోనే ఉన్నాయి. బండల మీది గీతలకు కూడా ముప్పుంది. క్వారీలు బండలను తొలుస్తున్నాయి, గుడి మరమ్మతుల్లో పాత నేల మీద కొత్త పలకలు పడుతున్నాయి. గీత కనిపించిన చోట దాని కొలతలు తీసి, ఫొటోతో పాటు ఊరి పేరు, స్థానాల సంఖ్య రాసిపెట్టడం బడి పిల్లలు కూడా చేయగల పని. దాంతోపాటు ఎన్ని పులులు, ఎన్ని మేకలు, ఎప్పుడు ఆట ముగిసినట్టు అని పెద్దలను అడిగి రాసుకోవాలి. కుందుర్పి నుంచి రాయదుర్గం, పెనుకొండల దాకా అలా సేకరిస్తే, ఏ కట్టుబాటు ఎక్కడిదాకా పాకిందో, సరిహద్దు అవతలి కన్నడ ఊళ్ళతో ఎక్కడ కలిసిందో పటం మీద చూపవచ్చు. రాజుల శాసనాల్లో దొరకని సామాన్యుల రాకపోకల చరిత్ర ఆ పటంలో కొంతైనా దొరుకుతుంది. ఆ పనికి కావలసిన గురువులు ఇంకా మన రచ్చబండల మీద ఉన్నారు. వారు ఉండగానే మొదలుపెట్టాలి.